మధ్య బేరింగు మీద తీర్మానం

మా ఇంటి పికప్పు బండి చేస్తున్న మోతను వారాంతంలోగా రద్దు చేయాలని, మోత రద్దు కాని పక్షంలో బండినే రద్దు చేయాలని, మంగళవారం సాయంత్రం భోజనాల దగ్గర జరిగిన సర్వసభ్య సమావేశం ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానాన్ని ప్రవేశపెట్టినవారు మా మామగారు. బలపరిచినవారు మా మామగారు. వ్యతిరేకించేవారు చేతులెత్తవచ్చునని కూడా వారే ఎంతో ఉదారంగా ప్రకటించారు గానీ, ఆ సమయంలో అందరి చేతులూ కంచాల్లో ఉన్నాయి.

మాది లాండ్రీ. "మాది" అని ఇంత ధీమాగా అనే హక్కు నాకు ఈమధ్యనే, మెడలో దండ పడ్డాకే వచ్చింది కనుక, ఆ మాటను ఒకటికి రెండుసార్లు రాసి చూసుకున్నాను. సంతోషంతోనే. కింద లాండ్రీ, పైన ఇల్లు. హోటళ్ళ దుప్పట్లు, నర్సింగ్‌హోముల దిండు గలీబులు, సెలూన్ల తువ్వాళ్ళు మురికిగా వస్తాయి, తెల్లగా వెళతాయి. మామగారు ఒకప్పుడు లాండ్రీ యజమానుల సంఘానికి కార్యదర్శి. సంఘం రద్దయి చాలాకాలమైంది. కార్యదర్శి పదవి మాత్రం ఇంకా రద్దు కాలేదు.

మా ఇల్లు ఎంతో కలుపుగోలుది. ఎంత కలుపుగోలుదంటే, ఇక్కడ ఎవరి గదికీ తలుపు మూతపడదు. ఆవిరికి తలుపులన్నీ ఉబ్బిపోయి, ద్వారాలను ప్రేమగా హత్తుకోవడం మానేశాయి. మా ఇద్దరికీ కేటాయించిన గది ఉతికిన దుప్పట్ల అరల వెనక ఉంది. తలుపు స్థానంలో ఒక డబుల్ షీటు వేలాడుతుంది. ఆ షీటు కూడా ఒక్కోసారి ఆర్డరుకు తక్కువ పడి వెళ్ళిపోతుంది. ఏ వేళప్పుడైనా ఎవరో ఒకరు లోపలికి వచ్చి, "ఒక్క సింగిల్ తీసుకుంటానమ్మా, మీరు మాట్లాడుకోండి" అంటారు. అని, ఏ సింగిల్ తీసుకోవాలా అని తీరిగ్గా నిలబడతారు. మేం మాట్లాడుకుంటాం. వాతావరణం గురించి.

అందుచేత మేం కాపురం పెట్టింది పికప్పు ముందు సీట్లో.

రోజూ పొద్దున డెలివరీ. మా వారు నడుపుతారు. ఏ మూట ఎక్కడ దింపాలో చెప్పే అధికారిణిగా నేను పక్కన కూర్చుంటాను. సిగ్నల్ పడ్డప్పుడల్లా ఒక నారింజ తొన ఆయనకు, ఒకటి నాకు. ఎరుపు సిగ్నళ్ళు ఎక్కువున్న ఊళ్ళో కాపురం చేయడం ఎంత అదృష్టమో చాలామందికి తెలియదు. వెనకాల మూటల మీద చిన్నమామయ్య, అంటే మామగారి తమ్ముడు, కాపలా ఉంటారు. ముందుకూ వెనక్కూ మధ్యనున్న కిటికీ అద్దం ఏనాడో పగిలిపోయింది. అయినా ఇబ్బంది లేదు. బండి కాస్త వేగం అందుకోగానే కింద నుంచి "ఊఁ... ఊఁ..." అని ఒక మోత మొదలయ్యేది. కథ చెబుతుంటే ఊఁ కొట్టినట్టు, మేం ఏం చెప్పుకున్నా బండి ఊఁ అనేది. ఆ మోతలో మా మాట మాకే సరిగ్గా వినబడేది కాదు, ఇక చిన్నమామయ్యకేం వినబడుతుంది? వినబడదు కనుక దగ్గరికి జరిగి చెప్పాల్సి వచ్చేది. ఇది కూడా యంత్రశాస్త్రం చేసిన మేలే.

ఇప్పుడు ఆ మోతను రద్దు చేయమన్నారు. లేకపోతే బండి పాత ఇనుము కొట్టుకు వెళుతుంది. దాని స్థానంలో డ్రైవరుతో సహా అద్దె వ్యాను వస్తుంది. మా వారికి ఇస్త్రీ విభాగానికి, నాకు మడతల విభాగానికి బదిలీ. పాఠకులు పొరబడకూడదు. దీనివల్ల మా కాపురం రోడ్డున పడదు. రోడ్డు మీద హాయిగా ఉన్న మా కాపురం ఇంట్లో పడుతుంది.

మా ఇంట్లో యంత్రాల జబ్బులను వయసు ప్రకారం నిర్ధారిస్తారు. మొదటి హక్కు మామగారిది. "టైర్లు" అన్నారు. ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్చాం. తర్వాత అత్తయ్య. "కడిగి ఎన్నాళ్ళయింది? మురికి పట్టినదేదైనా మూలుగుతుంది" అన్నారు. కడిగాం. తర్వాత చిన్నమామయ్య. ఆయన కుర్రతనంలో మైకు సెట్లు అద్దెకిచ్చేవారు కనుక శబ్దం ఎక్కడిదైనా తనదేనన్న భావం ఉంది. "సైలెన్సరు" అన్నారు. బిగించాం. తర్వాత మా బావగారు. ఆయన బాయిలరు గదిలో ఉంటారు, ఏది చెడినా "ప్రెషర్ చూడాలి" అంటారు. చూశాం. ప్రతి చికిత్స తర్వాతా కుటుంబమంతా గేటు దగ్గర నిలబడి విన్నది. బండి యథావిధిగా "ఊఁ" అంది.

"తగ్గింది" అన్నారు మామగారు.

"బాగా తగ్గింది అన్నయ్యా" అన్నారు చిన్నమామయ్య. "ఇంకా తగ్గితే బండి వస్తున్నట్టు కూడా తెలీదు. ప్రమాదం."

నా అభిప్రాయం ఎవరూ అడగలేదు. అడగకూడదని కాదు. ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు చివరి వరుస. నా కన్నా వెనక ఇంకెవరైనా చేరితే తప్ప నా వంతు రాదు. ఈ ఇంట్లో పెళ్ళి కావాల్సిన కొడుకులు ఇక లేరు.

గురువారం మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుండగా మా వారు, నేను బండి కింద దూరాం. ఆయనకు పాత గోనెపట్టా, నాకు అత్తయ్య చూడకుండా తెచ్చిన దుప్పటి. టార్చి పట్టుకోవడం నా బాధ్యత.

"అదిగో, అది చూడు" అన్నారాయన.

పొడుగాటి బండి కదా, గేరుబాక్సు నుంచి వెనక చక్రాల దాకా తిరిగే రాడ్డు ఒకటే ముక్కగా ఉండదు. రెండు ముక్కలు. ఆ రెండూ కలిసే చోట, నడుమ కిందికి జారిపోకుండా, రబ్బరు కట్టులో ఒక బేరింగు పట్టుకుని ఉంటుంది. మా బండికి ఆ రబ్బరు చీలికలై వేలాడుతోంది. బేరింగులో గ్రీజు ఎండిపోయి సున్నం అయింది. చేత్తో రాడ్డు కదిపితే దంతం ఊడబోతున్నట్టు ఊగింది.

"ఇదేనా మోత?"

"ఇదే."

"మీకెప్పుడు తెలిసింది?"

"పెళ్ళికి ముందే."

"మరి మార్చలేదేం?"

"మార్చేద్దామనే అనుకున్నా. ఈలోగా నువ్వొచ్చావు."

"నేనొస్తే?"

"బాబాయ్ వెనకే కూర్చుంటాడు కదే!"

కాలేజీలో ప్రేమ గురించి చాలా చదివాను. పరీక్షలు కూడా రాశాను. కానీ భార్య కోసం బేరింగు మార్చకుండా ఉన్న మగవాణ్ణి గురించి ఏ పుస్తకంలోనూ చదవలేదు. టార్చి కాస్త పక్కకు తిరిగింది.

"ఇటు పట్టు. నా మొహం మీద కాదు" అన్నారు. "ఇక ఆపడానికి లేదు. ఈ రబ్బరు పూర్తిగా తెగిందంటే రాడ్డు కింద పడి రోడ్డు దున్నుతుంది. మోత పోతే పోయింది. బండి మిగిలితే సీటు మిగులుతుంది."

ఇక్కడొక పరిపాలనా చిక్కు ఉంది. మా ఇంట్లో చిన్నవాళ్ళు జబ్బు కనిపెట్టకూడదు. కనుక మా వారు సాయంత్రం కాఫీ వేళ తండ్రిగారి దగ్గర వినయంగా నిలబడ్డారు.

"నాన్నా, నిన్న మీరన్నారు కదా, నడుమ బేరింగు పోయుంటుందని..."

"నేనన్నానా?"

"టైర్లు మారుస్తున్నప్పుడు అన్నారు."

మామగారు కాఫీ గ్లాసు కింద పెట్టారు. "అన్నాను" అన్నారు. "అప్పుడే అన్నాను. ఎవరైనా విన్నారా? ఈ ఇంట్లో నా మాట వినేదెవరు?"

ఆ విధంగా మామగారు కనిపెట్టిన లోపాన్ని సరిదిద్దే కార్యక్రమం శుక్రవారం పెరట్లో ప్రారంభమైంది. చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, వెనక భాగాన్ని ఇనుప స్టాండ్ల మీదికి ఎత్తారు. మేమిద్దరం కిందికి దూరాం. మిగతా కుటుంబం చుట్టూ నిలబడి పర్యవేక్షించింది.

బండి కింద పడుకుని చూస్తే పెద్దలందరూ పాదాలుగా మాత్రమే కనిపిస్తారు. ఇది ఎంతో గౌరవప్రదమైన దృశ్యం. పాలిష్ చేసిన తోలు చెప్పులు మామగారివి. తీర్మానం వచ్చినప్పుడల్లా మడమలు లేస్తాయి. బొటనవేలు దగ్గర తెగి సూదీదారంతో కుట్టినవి చిన్నమామయ్యవి. బ్లీచింగు తగిలి తెల్లబడిన రబ్బరు చెప్పులు అత్తయ్యవి. కాస్త దూరంగా, ఒకదాని మీద ఒకటి వేసి వినోదం చూస్తున్న పాదాలు మా తోడికోడలు అక్కవి.

"ఎడమకి తిప్పరా" అన్నాయి తోలు చెప్పులు.

"కుడికి, కుడికి" అన్నాయి కుట్టిన చెప్పులు.

"ముందు ఆ పిల్లని బయటికి రమ్మను. నడుముకి గ్రీజంటితే జన్మలో వదలదు" అన్నాయి రబ్బరు చెప్పులు.

"వదలదులెండి అత్తయ్యా, ఇద్దరూ ఒకే గోనె మీదున్నారు" అంది అక్క.

మా వారు బోల్టులకు నూనె పోసి, తుప్పు నానేదాకా ఆగి, పైపు తొడిగిన స్పానరుతో ఊడదీశారు. రాడ్డు దించే ముందు ఒక ముఖ్యమైన పని చేశారు. తెల్ల పెయింటు డబ్బాలో పుల్ల ముంచి, రెండు ముక్కలూ కలిసే చోట, రెండింటి మీదుగా ఒక గీత గీశారు.

"ఇదెందుకు?" అన్నాను.

"మళ్ళీ పెట్టేటప్పుడు ఈ గీత, ఆ గీత కలవాలి. ఈ ముక్కలు ఫ్యాక్టరీలో జోడీగా సరిచూసి పంపిస్తారు. విడదీసి, తిరగేసి కలిపితే జోడీ కుదరదు. బండి ఒణుకుద్ది."

"జాతకాల్లాగా."

"జాతకాలు తప్పినా ఇంత ఒణకవు."

పాత బేరింగును లాగి తీశాక, రాడ్డు ముక్కలను ఎక్కడ పెట్టాలా అని చూస్తే దుమ్ము లేని చోటు ఒక్కటే కనిపించింది. దుప్పట్లు మడత పెట్టే బల్ల. కాగితం పరిచి దాని మీద పెట్టాం. పాత బేరింగును సంచిలో వేసుకుని విడిభాగాల కొట్టుకు నడిచాం. నడక! చిన్నమామయ్య లేకుండా! కొట్టు ఇంత దగ్గరగా పెట్టినందుకు ఆ యజమానిని నేను ఇప్పటికీ క్షమించలేదు.

కొట్టాయన బేరింగును తిప్పి చూసి, కళ్ళజోడు తీసి, మా వంక చూశారు. "ఈ బండి ఇంకా తిరుగుతోందా?"

"రోజూ" అన్నారు మా వారు.

"చూడ్డానికి కొత్తగా పెళ్ళయినవాళ్ళలా ఉన్నారు. పాత బండితో ఏం పడతారు? అమ్మేసి కొత్తది తీసుకోండి. చప్పుడుండదు."

"మాకు ఇదే కావాలండీ" అన్నాను నేను, కొంచెం గట్టిగానే.

తిరిగి వచ్చేసరికి మడతల బల్ల మీద రాడ్డు ముక్కలు లేవు. వాటి స్థానంలో రెండు పొడుగాటి పొట్లాలున్నాయి. గోధుమరంగు కాగితంలో చుట్టి, దారంతో కట్టి, 'అర్జెంటు' అని చీటీ తగిలించి ఉన్నాయి.

మా అత్తయ్య గురించి మీకు చెప్పాలి. ఈ చుట్టుపక్కల హోటళ్ళలో ఆవిణ్ణి మరకల డాక్టరమ్మ అంటారు. సిరా, నెత్తురు, కాఫీ, జుట్టు రంగు, ఏదీ ఆవిడ చేతిలో బతకదు. మా మడతల బల్ల మీదికి మరకతో వచ్చిన వస్తువేదీ మరకతో తిరిగి వెళ్ళిన చరిత్ర ఈ సంస్థలో లేదు.

మా వారు పొట్లం విప్పారు. రాడ్డు తళతళలాడింది. అందులో మా ఇద్దరి మొహాలూ కనిపించాయి. ఒకదానికన్నా ఒకటి దీనంగా.

"అమ్మా, దీని మీద తెల్ల గీతలుండాలి."

"ఉండేవిరా" అన్నారు అత్తయ్య, గర్వాన్ని దాచుకోలేక. "మామూలు మరకలా అవి! సబ్బుకి లొంగలేదు. సెలూను తువ్వాళ్ళకి వాడే మందు పట్టించి, బ్రష్షుతో రుద్ది, ఆవిరి పెడితే గానీ వదల్లేదు. రెండో ముక్క మీద కూడా అలాంటిదే ఇంకోటి. అదీ తీసేశా."

మా వారు రాడ్డును ఇంకోసారి తిప్పి చూశారు. "చాలా బాగా పోయాయమ్మా."

"పోక ఏం చేస్తాయి?" అన్నారావిడ.

ఆవిడ వెళ్ళాక మేం రెండు ముక్కలనూ ఎదురెదురుగా పెట్టుకుని కూర్చున్నాం. కొసల్లో ఉన్న గుర్రపు లాడాల్లాంటి చీలికలు రెండూ ఒకే వరసలో ఉండాలట. అలా ఉండే పద్ధతులు రెండే. ఒకటి అసలుది. రెండోది దాన్ని సగం తిప్పినది. చూడ్డానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి.

"నీకేమైనా గుర్తుందా? టార్చి పట్టుకుంది నువ్వే కదా!"

"పట్టుకున్నాను. మిమ్మల్ని చూస్తున్నాను."

సాంకేతిక రంగంలో మహిళల పాత్ర గురించి కాలేజీలో వ్యాసం రాసి బహుమతి తెచ్చుకున్న నేను ఇలా మాట్లాడవచ్చునా అని పాఠకులు అడగవచ్చు. పాఠకులు మా వారిని టార్చి వెలుగులో చూడలేదు.

కళ్ళు మూసుకుని ఒక పద్ధతి ఎంచుకున్నాం. కొత్త బేరింగు దిగ్గొట్టి, రాడ్డు ఎక్కించి, బోల్టులు బిగించాం. శనివారం ప్రారంభోత్సవం.

ప్రారంభోత్సవానికి కుటుంబమంతా బండెక్కింది. బావగారు కూడా బాయిలరును ఆ పూట ఇంటికొచ్చిన అక్క తమ్ముడికి అప్పగించి వచ్చారు. మామగారు వెనక భాగంలో కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. వీధి మలుపు దాటి బండి వేగం అందుకుంది. అందరూ చెవులు రిక్కించారు. ఊఁ లేదు. నిజంగానే లేదు. ఇంతకాలంగా మా మాటలకు తలాడించిన ముసలి పెద్దమ్మ ఎవరో చెప్పకుండా వెళ్ళిపోయినట్టు నాకు అనిపించింది.

సరిగ్గా అప్పుడే వణుకు మొదలైంది.

ముందు అద్దాలు వణికాయి. తర్వాత తలుపులు. తర్వాత మేం. మామగారు అప్పటికే ఉపన్యాసం ప్రారంభించారు కనుక ఆపడం సంప్రదాయం కాదు.

"కు-టుం-బ స-భ్యు-లా-రా! ప-ట్టు-ద-ల ఉం-టే సా-ధిం-చ-లే-నిది లే-దు! చ-ప్పు-డే-దీ? వి-న-బ-డు-తోం-దా?"

"లే-లే-లేదన్నయ్యా!" అన్నారు చిన్నమామయ్య.

"నాన్నా, బండి ఒణుకుతోంది" అన్నారు మా వారు ముందు నుంచి.

"తీ-ర్మా-నం-లో ఒ-ణు-కు ఉం-దా?"

లేదు. తీర్మానం మోత గురించి మాత్రమే. మోత పోయింది. కనుక కార్యక్రమం సంపూర్ణ విజయం సాధించినట్టు అక్కడికక్కడే ప్రకటించారు. వణుకు విషయం ఎజెండాలో లేనందున చర్చకు రాలేదు. దిగాక ఒక్కొక్కరూ తమ అనుభవం చెప్పారు. కొత్త బేరింగు చలాకీగా ఉందని చిన్నమామయ్య, నడుం నొప్పి సర్దుకుందని అత్తయ్య. "ప్రెషర్ చూడాలి" అన్నారు బావగారు. చూశాం.

అసలు దెబ్బ సోమవారం తగిలింది. అలవాటు ప్రకారం సిగ్నల్ దాటాక మా వారి వైపు జరిగి, "మీ చెవి వెనక పుట్టుమచ్చ ఉందని నాకు ఇవాళే తెలిసింది" అన్నాను.

"అది మా నాన్నగారికీ ఉండేదమ్మా" అని జవాబు వచ్చింది. వెనక కిటికీలోంచి.

స్టీరింగు కొంచెం అటూ ఇటూ అయింది.

"మా అన్నయ్యకి రాలేదు, నాకు రాలేదు, వీడికొచ్చింది" అన్నారు చిన్నమామయ్య ఆప్యాయంగా. "ఇన్నాళ్ళూ మీరిద్దరూ మాటామంతీ లేకుండా మూగమొద్దుల్లా పోతున్నారేమో, గొడవలేమో అని లోలోపల బెంగపడ్డానమ్మా. ఇప్పుడు మనసు కుదుటపడింది. నువ్వు చెప్పు, ఆపకు."

ఆ రోజు నుంచి మేం ముందు సీట్లో కూడా వాతావరణం గురించే మాట్లాడుకున్నాం. ముగ్గురం.

ఈలోగా హోటలు నుంచి ఫోను వచ్చింది. మా దుప్పట్లు మూటలు విప్పేసరికి మడతలు విడిపోయి, ముద్దలై ఉంటున్నాయట. మామగారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, మిగతా లాండ్రీలవాళ్ళు మడతపెట్టి పంపుతారు. మీరు విప్పుకోవాలి. మా సంస్థ ఆ శ్రమ తప్పిస్తోంది." మర్నాడు నర్సింగ్‌హోమువాళ్ళు అంత మర్యాదగా మాట్లాడలేదు. ఇదే తీరైతే వేరే లాండ్రీ చూసుకుంటామన్నారు. మామగారి మొహం చిన్నబోయింది. అద్దె వ్యాను మాట మళ్ళీ ఇంట్లో తిరగడం మొదలుపెట్టింది. వణుకు ఇలాగే ఉంటే కొత్త బేరింగు కూడా పాతదాని దారి పడుతుందని మా వారు నాకు మాత్రం చెప్పారు. వాతావరణం గురించి చెబుతున్న గొంతుతో.

అయితే సంపూర్ణ విజయాన్ని మరమ్మతు చేయడం ఎలా? ఇది ఏ ప్రభుత్వానికైనా కష్టమే. అందుకని గ్రీజు పెట్టే మిషతో ఆదివారం మధ్యాహ్నం మేం మళ్ళీ బండి కింద దూరాం. ఈసారి చుట్టూ పాదాలు లేవు. ఆయన రాడ్డు ముక్కలను విడదీసి, ఒకదాన్ని సగం తిప్పి, మళ్ళీ కలిపారు. అంతే పని. అంతసేపు పట్టాల్సింది కాదు. పట్టింది. ఆ తర్వాత ఆయన చొక్కాకు గ్రీజు ఎక్కడెక్కడ అంటిందో, నా చీర కుచ్చిళ్ళకు అదే గ్రీజు ఎలా వచ్చిందో అత్తయ్య అడగకుండానే రెండూ ఉతికి పెట్టారు. ఆవిడ వృత్తి ధర్మం గొప్పది.

సోమవారం బండి వెన్నలా నడిచింది. మోత లేదు, వణుకు లేదు. దుప్పట్లు పెట్టిన మడత పెట్టినట్టే దిగాయి. నర్సింగ్‌హోము మెత్తబడింది. అద్దె వ్యాను మాట ఆగిపోయింది. బండి గెలిచింది. మేం గెలిచాం.

"కొత్త బేరింగు సర్దుకోవడానికి ఒక వారం పడుతుందని నేను ముందే చెప్పాను" అన్నారు మామగారు. "విన్నదెవరు?" అని, బండి చుట్టూ ఒకసారి తిరిగి, ముందు తలుపు తీసి, ఎక్కి కూర్చున్నారు. ఇంత మంచి బండిని పర్యవేక్షణ లేకుండా పంపడం సంస్థకు శ్రేయస్కరం కాదట. మంగళవారం నుంచి అత్తయ్య కూడా ఎక్కారు. హోటలువాళ్ళ మరకలను పుట్టినచోటే చూడాలని ఆవిడకు ఎన్నాళ్ళ నుంచో కోరిక, బండి మోత పడకే ఆగారట. ముందు సీటు ముగ్గురికే. నన్ను ఎంతో గౌరవంగా వెనక్కి, చిన్నమామయ్య పక్కన మూటల మీదికి పదోన్నతి చేశారు.

"దిగులు పడకమ్మా" అన్నారు చిన్నమామయ్య. "వాడితో ఏదైనా చెప్పాలంటే ఇక్కణ్ణుంచే చెప్పు. అద్దం లేదుగా. అందరికీ వినబడుతుంది."

ఆ సాయంత్రం నేను తువ్వాళ్ళు మడత పెడుతుంటే అక్క పక్కన చేరింది.

"బండి బాగయిందటగా?"

"బాగయింది అక్కా."

"పిచ్చిదానా! బాగుచేస్తే ఊరుకుంటారనుకున్నావా?" అని చుట్టూ చూసి, గొంతు తగ్గించింది. "మేం కొత్తగా వచ్చినప్పుడు ఇస్త్రీ గదిలో ఆవిరి గొట్టం ఒకటి కారుతుండేది. బుస్సుమని ఒకటే రొద. పక్కన పిడుగు పడ్డా వినబడదు. మీ బావగారు అప్పట్లో ఎన్ని కబుర్లు చెప్పేవారో నువ్వు నమ్మవు. పాటలు కూడా పాడేవారు."

"బావగారా?"

"ఆయనే. తర్వాత మామయ్యగారు తీర్మానం పెట్టి గొట్టం మార్పించేశారు. ఆ రోజు నుంచి ఆయన నోట్లో మిగిలింది ఒక్కటే మాట."

ప్రెషర్ చూడాలి. పాపం, నిజంగానే ఎవరూ చూడలేదు.

ఇంతలో బట్టలారబెట్టే గదిలోని పెద్ద డ్రయ్యరు గరగరమని మూలగడం మొదలుపెట్టింది. కింద బేరింగు అరిగిందని మా వారు గుమ్మంలో నిలబడి వినగానే పట్టేశారు. నా వంక చూశారు. నేను ఆయన వంక చూశాను. ఇద్దరం ఆ విషయం ఎవరికీ చెప్పకూడదని మాట లేకుండానే తీర్మానించుకున్నాం. మర్నాడు భోజనాలయ్యాక, యంత్రాన్ని క్షుణ్ణంగా పరిశీలించే నిమిత్తం, టార్చి పట్టుకుని వెళ్ళాం.

తలుపు లోపల గడియ పెట్టి ఉంది. ఇంట్లో ఉబ్బని తలుపు అదొక్కటే.

"ఎవరది?" అన్నారు లోపల్నుంచి మామగారు.

"డ్రయ్యరు చూద్దామని నాన్నా. మోత చేస్తోందిగా!"

"నేను చూస్తున్నాను. మీ అమ్మ దీపం పట్టుకుంది. మీరు వెళ్ళండి."

"బేరింగేమో నాన్నా. మార్చేస్తే..." అనేశారు మా వారు, మా తీర్మానం మరిచిపోయి.

"తొందరేం లేదు!" అన్నారు మామగారు. ఉపన్యాసాల్లో నేనెప్పుడూ వినని కంగారు ఆ గొంతులో ఉంది. ఆ వెనకనే, గరగరల మధ్య, మరకల డాక్టరమ్మగారు కిసుక్కున నవ్వడం వినిపించింది. వినిపించకూడదు గానీ, మా ఇద్దరికీ ఇలాంటి మోతల్లో వినడం బాగా అలవాటు.

డ్రయ్యరు విషయం నేటికీ మామగారి పరిశీలనలోనే ఉంది. దాని మోత మీద తీర్మానం ప్రతి మంగళవారం భోజనాల దగ్గర ప్రస్తావనకు వస్తుంది, ఏకగ్రీవంగా వాయిదా పడుతుంది. చేతులెత్తమని కూడా ఎవరూ అడగడం లేదు.

పాఠకులారా, మీ ఇంట్లో కూడా చాలాకాలంగా ఏదో ఒకటి మూలుగుతూనే ఉండి ఉంటుంది. ఎవరూ బాగుచేయించరు, పారెయ్యనూ ఇవ్వరు. అది వాళ్ళ బద్ధకమని, పిసినారితనమని మీరు విసుక్కుంటూ ఉండవచ్చు. మెకానిక్కును పిలవండి, తప్పులేదు. ముందు తలుపు తట్టండి.